తల్లికి జ్వరం, బిడ్డకు పస్తు

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా మహిళా కార్యకర్తలకూ, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకూ జరిగిన శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'తల్లిపాలు - స్త్రీల హక్కులు'. అది చాలా పెద్ద అంశం. నాకిచ్చిన సమయం నలభై నిమిషాలు. అందుకని అందులోంచి ఒక చిన్న ముక్క మాత్రమే తీసుకుంటున్నాను. పాలిచ్చే తల్లికి పడిశం పట్టినా, ఫ్లూ జ్వరం వచ్చినా మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? ఇంతే. వరకట్నం గురించీ, హింస గురించీ, భూమి హక్కు గురించీ మాట్లాడుకునే చోట ఈ జలుబూ దగ్గూ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మొదట్లో నాకూ అలాగే అనిపించేది.

ముందే ఒక మాట చెప్పాలి. నేను డాక్టర్ని కాను. గుంటూరు చుట్టుపక్కల మిర్చి పనికెళ్ళే ఆడవాళ్ళ మధ్య ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నదాన్ని. వైద్యానికి సంబంధించి నేను చెప్పేవన్నీ పిల్లల డాక్టర్లను అడిగి సరిచూసుకున్న సంగతులే.

నా కథతోనే మొదలుపెడతాను. 1994 ఏప్రిల్. మొదటి కాన్పుకని వెళ్ళి ఇంకా పుట్టింట్లోనే ఉన్నాను. పాపకు రెండో నెల నడుస్తోంది. ఇంట్లో ముందు తమ్ముడికి పడిశం పట్టింది, తర్వాత అమ్మకి, ఆ తర్వాత నాకు. ఒళ్ళంతా నొప్పులు, నూటరెండు జ్వరం. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోముకు తీసుకెళ్తే డాక్టరుగారు చీటీ రాస్తూ తల ఎత్తకుండానే "ఐదు రోజులు పాలివ్వకండి, డబ్బా పాలు పట్టండి" అన్నారు. ఎందుకని నేనడగలేదు. మా అమ్మమ్మ అంతకు ముందే ఆ మాట అనేసింది. ఆమె లెక్క వేరు. తల్లి ఒళ్ళు కాలిపోతుంటే పాలు కూడా వేడి చేస్తాయనీ, 'జ్వరం పాలు' తాగితే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయనీ ఆమె నమ్మకం. ఇంగ్లీషు వైద్యమూ అమ్మమ్మ వైద్యమూ మా ఇంట్లో ఏనాడూ కలిసింది లేదు. ఈ ఒక్క విషయంలో కలిశాయి.

రెండో రోజుకు రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. పక్క గదిలో పాప ఏడిస్తే ఇక్కడ నా జాకెట్టు తడిసిపోయేది. జ్వరం కంటే ఆ నొప్పి ఎక్కువ. పాలు పిండి పారబోయమన్నారు. పొరుగింటి ముసలామె వచ్చి మల్లెపూలు కట్టమంది, పాలు తగ్గుతాయని. ఎండాకాలం, మల్లెపూలకు కొదవేముంది? కట్టారు. నిజంగానే తగ్గాయి. (ఆ ముసలామె చెప్పింది వట్టి మాట కాదు. పాలు తగ్గించడానికి ఇచ్చే బ్రోమోక్రిప్టిన్ మాత్రతో మల్లెపూలను పోల్చి చూసిన పరిశోధన ఒకటి 1988లో అచ్చయింది. రెండూ పనిచేశాయని తేలింది. మన ఆడవాళ్ళకు పాలు ఆపడం ఎలాగో తెలుసు. ఆపాల్సిన అవసరం ఉందా లేదా అన్నది చెప్పేవాళ్ళే కరువయ్యారు.)

ఆరో రోజు పాపను మళ్ళీ దగ్గరకు తీసుకుంటే, సీసా పీకకు అలవాటు పడిన పిల్ల రొమ్ము పట్టుకోదు. పట్టుకున్నా రెండు గుక్కలకే ఏడుపు. వారం రోజులు తంటాలు పడి వదిలేశాం. ఇంతా చేసి పాపకు జలుబు ఆగిందా అంటే, ఆగలేదు. జలుబు వచ్చింది, దానితో పాటు డబ్బా పాలకు విరేచనాలు కూడా వచ్చాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎవరడిగినా "నాకు పాలు పడలేదండీ" అని చెప్పేదాన్ని. అలా చెప్పినప్పుడల్లా నాలో ఏదో లోపం ఉన్నట్టు సిగ్గుపడేదాన్ని. పాలు పడకపోవడం కాదు, పడిన పాలను ఆపించారు అని తెలుసుకోవడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

మీరు ఇళ్ళకు వెళ్ళినప్పుడు "పాలు పడలేదు" అన్న తల్లి కనిపిస్తే అక్కడితో వదిలేయకండి. ఎప్పటినుంచి తగ్గాయి, అంతకు ముందు ఏం జరిగింది అని నెమ్మదిగా అడగండి. నేనడిగిన వాళ్ళలో ఎంతోమంది కథలో ఎక్కడో ఒక జ్వరం ఉంది.

ఇక అసలు విషయం. మామూలు జలుబు, ఫ్లూ తెచ్చే వైరస్‌లు పాల ద్వారా బిడ్డకు వెళ్ళవు. దగ్గినా తుమ్మినా పడే తుంపరల ద్వారా వెళ్తాయి, ముక్కు తుడుచుకున్న చేతుల ద్వారా వెళ్తాయి. అలాంటప్పుడు పాలు ఆపి, అదే గదిలో, అదే మంచం మీద, అందరూ దగ్గుతున్న ఇంట్లో బిడ్డను ఉంచితే ఏం కాపాడినట్టు? పైగా ఫ్లూ వచ్చిన మనిషి తనకు జ్వరం తెలియడానికి ఒకరోజు ముందు నుంచే ఎదుటివాళ్ళకు అంటించగలదు. తల్లికి ఒళ్ళు నొప్పులు మొదలయ్యేసరికే బిడ్డకు తగలాల్సింది తగిలి ఉంటుంది.

పాలలో వెళ్ళేది మరొకటి ఉంది. తల్లి ఒళ్ళు ఆ వైరస్‌ను గుర్తుపట్టి దానికి ఎదురు నిలిచే యాంటీబాడీలను తయారుచేసుకుంటుంది. వాటిలో ఐజీఏ అనే రకం పాలలోకి దిగుతుంది. బిడ్డ గొంతులో, పేగుల్లో లోపలి పొరల మీద అది పూతలా నిలిచి క్రిములను అంటుకోనివ్వదు. ఇంట్లో ఏ రోగం తిరుగుతోందో ఆ రోగానికే తయారైన కాపలా అన్నమాట. ఏ డబ్బాలోనూ అది దొరకదు. అంటే పాలు ఆపమని మనం చెప్పే ఆ ఐదు రోజులే బిడ్డకు ఆ పాలు ఎక్కువ అవసరమైన రోజులు. తల్లికి జ్వరం ఎంతున్నా పాలు విరగవు, పాడవవు.

జ్వరంలో పాలు కాస్త తగ్గిన మాట మాత్రం నిజం కావచ్చు. చెమట పట్టి, తిండి సహించక, నీళ్ళు తాగకపోతే తగ్గుతాయి. మన దగ్గర బాలింత పథ్యం ఒకటుందిగదా. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని గుక్కెడు గుక్కెడు కొలిచి పోస్తారు. పెరుగు వద్దు, పండు వద్దు, తలస్నానం వద్దు. తల్లి పెరుగు తింటే బిడ్డకు పడిశం పట్టదు. పడిశం వచ్చేది పెరుగు నుంచి కాదు, పక్కన దగ్గే మనిషి నుంచి. జ్వరమొచ్చిన బాలింతకు మంచినీళ్ళు, గంజి, మజ్జిగ, చారన్నం, ఏది సహిస్తే అది కావలసినంత ఇవ్వాలి. జ్వరం తగ్గి, బిడ్డ తరచుగా తాగుతూ ఉంటే పాలు మళ్ళీ పుంజుకుంటాయి.

అకస్మాత్తుగా ఆపేస్తే జరిగేదేమిటో నా సంగతిలో చెప్పాను. పాలు నిలిచి గడ్డకడతాయి, వాపొస్తుంది, ఒక్కోసారి చీము పట్టి కోసి తీయాల్సి వస్తుంది. ఇంకోటి గుర్తుపెట్టుకోండి. వణుకుతో జ్వరం, ఒళ్ళు నొప్పులు వచ్చినప్పుడు మనం ఫ్లూ అనుకుంటాం. రొమ్ములో ఒకచోట ఎర్రగా, గట్టిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉందేమో కూడా చూడమనండి. అది రొమ్ము వాపు జ్వరమైతే డాక్టరుకు చూపించాలి. అప్పుడు కూడా పాలు ఇస్తూనే ఉండాలి.

మరి జాగ్రత్తలు? ఉన్నాయి. బిడ్డను ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం. పాలిచ్చేటప్పుడు ముక్కూ నోరూ మూసేలా మాస్కు, అది లేకపోతే శుభ్రమైన బట్ట. కొన్ని రోజులు ముద్దులు మానుకోవడం. పాలు తాగడం అయ్యాక జలుబు లేనివాళ్ళు ఎవరైనా బిడ్డను చూసుకోవడం. తల్లి మరీ నీరసంగా ఉండి లేవలేకపోతే, శుభ్రమైన చేతులతో పాలు పిండి ఉగ్గు గిన్నెతో పట్టవచ్చు. సీసా అక్కర్లేదు. పిండిన పాలు చల్లటి గదిలో నాలుగు గంటలు ఆగుతాయి. మన ఎండల్లో అంతసేపు ఉంచకండి.

అన్ని జబ్బులకూ ఇదే మాట చెల్లదని కూడా చెప్పాలి. రెండు వారాలు దాటిన దగ్గు పడిశం కాదు, తెమడ పరీక్ష చేయించాలి. క్షయ అని తేలినా చికిత్సతో, జాగ్రత్తలతో పాలిచ్చే దారి ఉంది. హెచ్ఐవి ఉన్న తల్లికి మందులతో పాటు వేరే సలహా కావాలి. ఇవి డాక్టరుతో తేల్చుకోవాల్సినవి. నేను మాట్లాడుతున్నది ఏటా ప్రతి ఇంటికీ వచ్చే జలుబు, ఫ్లూ గురించి.

ఇప్పుడు మా మిర్చి పని దగ్గరకు వస్తాను. జనవరి నుంచి కోతలు, ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీల్లో, షెడ్లలో తొడిమలు తీసే పని. కిలోకింత అని కూలీ. పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా కాయల గుట్ట ముందు కూర్చోవాలి. ఘాటుకు ఎప్పుడూ తుమ్ములూ దగ్గులే. అందుకని వాళ్ళకు జలుబు అన్నది జబ్బుగా లెక్కలోకి రాదు. నిజంగా ఫ్లూ వచ్చి పడిపోతే తప్ప గుర్తించరు. చేతులు భగభగ మండుతుంటాయి. ఆ చేతులతో బిడ్డను ముట్టుకుంటే పిల్ల కళ్ళు మండి గుక్కపెడుతుంది. ఎన్నిసార్లు కడిగినా పోదు ఆ మంట. చేతులు కడుక్కోమని వాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేముంది? ముందు కొబ్బరినూనె రాసి తర్వాత సబ్బుతో కడిగితే కాస్త పోతుందని వాళ్ళే నాకు నేర్పారు.

2017లో అక్కడొక అమ్మాయి, పేరెందుకు లెండి, మూడు నెలల బాబును చెట్టుకింద ఉయ్యాలలో వేసి పనిచేసేది. ఫ్లూ తగిలింది. ఆరెంపీ డాక్టరు ఇంజక్షన్ చేసి, పాలివ్వొద్దన్నాడు. అత్త వెళ్ళి చిల్లర కొట్టులో పాలపొడి డబ్బా తెచ్చింది. ఒక్క డబ్బా ఖరీదు వాళ్ళకు రెండు రోజుల కూలీ. అందుకని డబ్బా మీద రాసినట్టు కాకుండా చెంచా తగ్గించి నీళ్ళు పెంచి కలిపింది. ఆమె తప్పేమీ లేదు, డబ్బా పది రోజులు రావాలిగదా. సీసా కడిగింది కుళాయి నీళ్ళతో. నేను వెళ్ళేసరికి బాబుకు నాలుగు రోజులుగా విరేచనాలు, కళ్ళు లోపలికి పోయాయి. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. బతికాడు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. "నా జొరం వాడికి అంటకూడదనేగా అక్కా ఆపింది" అని ఆ పిల్ల ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చింది. ఆమెకు జ్వరం తగ్గి అప్పటికి వారమైంది.

ఇలాంటి డబ్బాల మీద చట్టం లేదా అంటే ఉంది. పేదదేశాల్లో పాలపొడి అమ్ముకోవడానికి కంపెనీలు చేసిన పనుల మీద 1970లలో ప్రపంచమంతా గొడవ జరిగింది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఒక నియమావళిని ఆమోదించింది. 118 దేశాలు అవునన్నాయి, ఒక్క అమెరికా కాదంది. మన దేశంలో 1992లో చట్టం వచ్చింది, 2003లో దాన్ని మరింత గట్టిగా సవరించారు. రెండేళ్ళలోపు పిల్లల పాలపొడికీ ఆహారానికీ ప్రకటనలు ఇవ్వకూడదు, ఉచిత శాంపిళ్ళు పంచకూడదు, డబ్బా మీద పిల్లల బొమ్మ వేయకూడదు, డాక్టర్లకు కానుకలు ఇవ్వకూడదు. మంచి చట్టం. కానీ తల్లికి జ్వరమొచ్చిన రోజున కంపెనీకి ప్రకటనతో పనే లేదు. చీటీ మీద డాక్టరో, నోటిమాటగా ఆరెంపీయో ఆ పని ఉచితంగా చేసిపెడుతున్నారు. ఇది దురుద్దేశమని నేననను. నేర్చుకోకపోవడం, అడిగేవాళ్ళు లేకపోవడం.

మందుల సంగతి కూడా దీనితో ముడిపడిందే. "నువ్వు మందులు మింగుతున్నావు, పాలివ్వకూడదు" అన్నది రెండో సాకు. జ్వరానికీ నొప్పులకూ వాడే పారాసెటమాల్ సరైన మోతాదులో పాలిచ్చే తల్లి వాడవచ్చు. ఐబూప్రొఫెన్ కూడా. ఫ్లూకి డాక్టరు ఒసెల్టామివిర్ రాస్తే అది వాడుతూ పాలివ్వచ్చు. ఆస్పిరిన్ వద్దు. కోడీన్ ఉన్న దగ్గు మందు వద్దు. దాన్ని పాలిచ్చే తల్లులకు ఇవ్వకూడదని అమెరికా మందుల సంస్థ 2017లోనే హెచ్చరించింది, బిడ్డకు ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ఇక ముక్కు దిబ్బడకు ఇచ్చే జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉందేమో చూడాలి. 2003లో అచ్చయిన చిన్న పరిశోధనలో, ఎనిమిది మంది తల్లులు మాత్రమే, ఒక్క 60 మిల్లీగ్రాముల మోతాదుకే ఆ రోజు పాలు 24 శాతం తగ్గాయి. జలుబు మాత్ర మింగి, పాలు తగ్గి, 'జ్వరానికి పాలు ఇంకిపోయాయి' అనుకునే తల్లులు మన ఊళ్ళలో ఎంతమందో! ముక్కు దిబ్బడకు ఆవిరి పట్టినా, ఉప్పునీటి చుక్కలు వేసుకున్నా చాలు. షాపుకు వెళ్ళినప్పుడు "నేను పాలిచ్చే తల్లిని" అని మొదటే చెప్పమనండి. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి కూడా మన ఆడవాళ్ళు సిగ్గుపడతారు.

బిడ్డకే జలుబు చేస్తే? అప్పుడు కూడా పాలు ఆపకూడదు. బిడ్డ రొమ్ము వదిలి ఏడిస్తే పాలు నచ్చక కాదు. పసిపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు, ముక్కు మూసుకుపోతే పాలు చప్పరిస్తూ ఊపిరి తీసుకోలేరు. పాలిచ్చే ముందు మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు ఒకటి రెండు ముక్కులో వేసి, మెత్తటి గుడ్డతో తుడవాలి. తల కాస్త ఎత్తుగా ఉండేలా పట్టుకుని, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వాలి. ఆరు నెలలలోపు విడిగా నీళ్ళు కూడా అక్కర్లేదు, తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్ళే.

ఏం చేయకూడదో కూడా కొంచెం గట్టిగా చెప్పండి. ముక్కులో నూనె చుక్కలు వేయొద్దు, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. సాంబ్రాణి పొగ వేయొద్దు. కర్పూరం, విక్స్ వంటివి రెండేళ్ళలోపు పిల్లలకు పూయొద్దు. ఏడాదిలోపు తేనె నాకించొద్దు. షాపువాడు ఇచ్చే జలుబు సిరప్పులు, దగ్గు సిరప్పులు అసలే వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి ఇరవైమందికి పైగా పిల్లలు చనిపోయారు. రెండేళ్ళలోపు పిల్లలకు ఈ మందులు రాయకూడదని ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది.

ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలో ప్రతి తల్లికీ తెలియాలి. బిడ్డ నిద్రపోయేటప్పుడు నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు 50, అంతకు చేరినా దాటినా న్యుమోనియా కావచ్చు. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగడం మానేసినా, మగతగా ఉన్నా ఆగకూడదు. రెండు నెలలలోపు పసికందుకు జ్వరం వస్తే అసలు తెల్లారేదాకా కూడా చూడొద్దు. గడియారం లేదంటారేమో, సెల్‌ఫోన్ ఉందిగా.

1994లో సీసా పాలు తాగిన మా పాపకు 2021 మార్చిలో కూతురు పుట్టింది. మే నెలలో కరోనా రెండో ఉధృతి. మా అల్లుడికి, ఆ వెంటనే అమ్మాయికి పాజిటివ్. చంటిపిల్లకు తొమ్మిది వారాలు. ఫోన్ల మీద ఫోన్లు. వియ్యపురాలు బిడ్డను తమ ఊరు పంపేయమంది. చూపించుకున్న ఆసుపత్రిలో కూడా విడిగా ఉంచండి, పొడిపాలు పట్టండి అన్నారు. నాకు ఆ ఏప్రిల్ గది, ఆ తడిసిన జాకెట్టు గుర్తొచ్చాయి. కానీ ఇప్పుడు నా చేతిలో కాగితం ఉంది. కరోనా ఉన్న తల్లి కూడా జాగ్రత్తలతో పాలు ఇవ్వవచ్చని, ఇవ్వడమే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లోనే చెప్పింది. దాన్ని ఫోన్లో పెట్టుకుని ఆసుపత్రిలో చూపించాను. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ చదివి, "మీరు చెప్పిందే కరెక్టు ఆంటీ" అంది. అమ్మాయి మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలిచ్చింది. మిగతా వేళల్లో, మాస్కు వేసుకుని నేనే చూసుకున్నాను. చంటిదానికి రెండు రోజులు కాస్త వెచ్చబడి తగ్గిపోయింది.

ఇక్కడితో ఆపితే ఇది మంచి ఆరోగ్య ప్రసంగం అవుతుంది. కానీ మనం హక్కుల పత్రిక నడుపుతున్నవాళ్ళం. నా కూతురు పాలు ఎలా ఇవ్వగలిగింది? ఆమెకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఉంది. వంట నేను చేశాను. గుడ్డలు మా అల్లుడు ఉతికాడు, తనకూ జ్వరమే అయినా. ఆమె పని పడుకోవడం, తాగడం, పాలివ్వడం, అంతే. మిర్చి షెడ్డులో ఆ పిల్లకు ఇందులో ఏదుంది? ఫ్లూ వచ్చిన మొగుడు మంచం మీద పడుకుంటాడు, కషాయం చేతికందుతుంది. ఫ్లూ వచ్చిన పెళ్ళాం లేచి ఆ కషాయం కాస్తుంది. ఆ స్థితిలో ఆమె దగ్గరకు వెళ్ళి "అమ్మా, జ్వరంలో కూడా పాలు ఆపకు" అని మనం చెప్తే, ఆమె చాకిరీల చిట్టాలో మరొకటి చేర్చినట్టే.

అందుకే నాకు ఈ వారోత్సవాల్లో 'అమ్మతనపు అమృతధార' లాంటి బ్యానర్లు చూస్తే చిరాకు. అమృతం తాగేవాళ్ళ గురించే మాట్లాడతాం. ఇచ్చే మనిషికి నూటరెండు జ్వరం ఉందన్నది బ్యానర్ మీద ఉండదు. ఏ కారణం వల్లైనా పాలు ఇవ్వలేకపోయిన తల్లిని నిందించే బ్యానర్లు కూడా నాకు పనికిరావు, నేనే పదిహేనేళ్ళు ఆ నింద మోశాను.

చట్టంలో ఏముందో చూడండి. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం, బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా పనివేళల్లో పాలివ్వడానికి రెండు విరామాలు ఇవ్వాలంది. 2017 సవరణ సెలవును 26 వారాలకు పెంచి, యాభైమంది, అంతకు మించి పనిచేసే చోట శిశుగృహం ఉండాలంది. ఇవే అంశాలు 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చాయి. చెట్టుకు ఉయ్యాల కట్టుకుని కిలోల లెక్కన తొడిమలు తీసే మనిషికి వీటిలో ఒక్కటీ అందదు. 2013 ఆహార భద్రతా చట్టం ఆరువేల రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం ఇవ్వాలంటే, 2017లో తెచ్చిన మాతృ వందన పథకం మొదటి బిడ్డకు ఐదువేలతో సరిపెట్టింది. అది కూడా ఎన్ని కాగితాలు తిప్పితే! జ్వరం వచ్చిన మూడు రోజులకు కూలీ ఇచ్చే పథకం మాత్రం ఎక్కడా లేదు.

గర్భిణీలకు ఫ్లూ టీకా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆరు నెలలలోపు పిల్లలకు ఫ్లూ టీకా వేయరు. వాళ్ళకు రక్షణ తల్లి ద్వారానే రావాలి. గర్భిణీలకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. డబ్బున్నవాళ్ళు ప్రైవేటులో వేయించుకుంటున్నారు. మనం అడగాల్సిన వాటిలో ఇది కూడా రాసుకోండి.

ఆ బాబు ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాత షెడ్డు దగ్గర మీటింగు పెట్టి ఇవన్నీ చెప్పాను. అంతా విని ఒక పెద్దామె, ముగ్గురు పిల్లల్ని ఆ షెడ్డులోనే పెంచిన మనిషి, "నువ్వు చెప్పింది బాగానే ఉందమ్మా. పాలిమ్మంటావు, పడుకోమంటావు, మంచినీళ్ళు తాగమంటావు. ఆ మూడు రోజుల కూలీ ఎవరిస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మీటింగు అక్కడితో ముగిసింది. సిగ్గుగా ఇంటికి వచ్చాను.

రెండు నెలల తర్వాత వాళ్ళే పిలిచారు. వాళ్ళ పొదుపు సంఘంలో మాట్లాడుకున్నారట. ఏడాదిలోపు బిడ్డ ఉన్న సభ్యురాలికి జ్వరం వస్తే మూడు రోజుల కూలీ సంఘం డబ్బులోంచి ఇవ్వాలని, అది అప్పు కింద రాయకూడదని. ఆ మూడు రోజులూ ఎవరో ఒకరు వంతులవారీగా ఆమె ఇంట్లో పొయ్యి వెలిగించాలని. వాళ్ళ ఇళ్ళలోని మగవాళ్ళను ఆ వంతుల్లో చేర్చాలా వద్దా అన్న దగ్గర గంటసేపు వాదన జరిగింది, చివరికి చేర్చారు. ఎంతమంది వెలిగించారో అడక్కండి, ఇద్దరు మాత్రం వెలిగించారు. పేదవాళ్ళు తమ పొదుపులోంచి చేసుకున్న ఈ ఏర్పాటును చూపించి ప్రభుత్వమూ, షెడ్డు యజమానులూ తప్పించుకోవడానికి వీల్లేదు. యజమానులను అడిగితే "మీకు మీరే చేసుకుంటున్నారుగా" అన్నారు కూడా. ఆ పోరాటం నడుస్తోంది.

ఆ తీర్మానం జిరాక్సు కాపీలు తెచ్చాను. వేలిముద్రలతో సహా ఉంది. భోజనాల వేళ తీసుకోండి. ఉగ్గు గిన్నె వాడకం చూపించమని అడిగినవాళ్ళు కూడా అప్పుడే నా దగ్గరకు రండి.